తోమేసిన పళ్లెం

ఈ సాయంత్రం ఇక్కడ గల్ఫ్‌లో, హూరా పేటలోని మా బాల్కనీ కమ్మీ మీద తడిబట్ట వేయగానే దుమ్ము వాసన గుప్పుమంది. బట్ట పిండితే నీళ్లు టీ రంగులో దిగాయి. లోపల నాలుగేళ్ల మా పాప దగ్గుతోంది. రేపు డాక్టరుకు దగ్గుల పుస్తకం చూపించాలి. రోజుకు ఎన్నిసార్లు దగ్గిందో రాసి తెమ్మన్నారు, దాన్ని చూసే మందు మారుస్తారట. ఆ టీ రంగు చూడగానే సుభాషిణి మేడమ్ గుర్తొచ్చారు.

జగిత్యాల నుంచి మా ఆయన వెంట ఇక్కడికి వచ్చిన ఏడాది, నువైద్రాత్ అనే ఊరి దగ్గర సముద్రపు నీటిని పరీక్షించే చిన్న ల్యాబులో చేరాను. మూడు నెలలు పని చూసి ఉంచుకుంటామన్నారు. కాకినాడ మనిషి సుభాషిణి గారు నా పై అధికారి. డాబా మీద ఒక వెడల్పాటి స్టీలు పళ్లెం ఉండేది. దాన్ని చూసుకునే ఆయన సెలవు మీద వెళ్తూ, “పైన సామాన్ జర చూస్కో” అని మాత్రం చెప్పాడు. పెద్ద దుమ్ముగాలి వెలిసిన మర్నాడు నేను డాబా ఎక్కి, ఇంట్లో చేసినట్టే చేశాను.

నెలాఖరున మేడమ్ అడిగారు. “పళ్లెంలో ఏవీ లేదేంటమ్మా?”

“దుమ్ము మస్తు పడ్డది మేడమ్. సాఫ్ తోమి పెట్టిన.”

ఆవిడ నా మొహం చూసి, ఆపుకోలేక నవ్వేశారు. “నెల రోజుల గాలిని సబ్బెట్టి తోమేశావా తల్లీ!”

పళ్లెంలో పడే దుమ్మును నెలనెలా తూచి అంకె రాస్తారని నాకప్పుడే తెలిసింది. “పోయిన నెల అంకెనే వేద్దామా మేడమ్? ఎవరికి తెలుస్తది?”

నవ్వు ఆగిపోయింది. నన్ను కిటికీ దగ్గరున్న రెండు గాజు సీసాల ముందుకు తీసుకెళ్లారు. రెండింటిలోనూ ఒకే సముద్రపు నీరు. రెండోదానిలో మాత్రం కిందటి నెల పళ్లెంలో చేరిన దుమ్ము, పొగ మసి కలిపారట. మొదటిది తేటగా ఉంది, రెండోది పచ్చగా.

“ఏది బావుంది?”

“పచ్చదే. మంచిగ పెరిగింది.”

“అయితే ఇటు చూడు.” మైక్రోస్కోపు కింద తేటనీటి చుక్కలో పడవల్లాంటివి, గొలుసుల్లాంటివి, సూదుల్లాంటివి, ఎన్నో రకాల జీవులు. పచ్చనీటి చుక్కలో అన్నీ ఒకే రకం గుండ్రటివి.

“దుమ్ములో ఇనుం కొన్నిటికి విందు. మసితో వచ్చే రాగి మిగతావాటికి విషం. విందు తిన్నవి ఒక్కసారే పెరిగిపోయి, చచ్చి కుళ్లితే నీళ్లలో ప్రాణవాయువు అయిపోద్ది. అప్పుడు చేపలకి ఊపిరాడదు. ఎంత పడితే ఇలా అవుద్దో తేల్చడానికే ఆ పళ్లెం. నీ అబద్ధం అంకెతో అది తేలుద్దా?”

కొలతల రిజిస్టరులో ఆ నెల గడి ఖాళీగా వదిలి, పక్కన నా చేతే రాయించారు: ‘పళ్లెం కడిగేశాను. కొలత లేదు.’ సంతకం పెడుతుంటే ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. నా సంతకం కింద ఆవిడ రాశారు: ‘పని విడమరిచి చెప్పకపోవడం నా తప్పు.’ తానూ సంతకం పెట్టి, “యల్లా, పద. పళ్లెం మళ్లీ పెడదాం” అన్నారు. ఆ ల్యాబులో పాప పుట్టేదాకా పనిచేశాను.

ఇప్పుడు పాప నిద్రపోయింది. పుస్తకంలో నిన్నటి గడి ఖాళీగా ఉంది. నిన్న నేను అలసిపోయి పడుకున్నాను, ఎన్నిసార్లు దగ్గిందో తెలియదు. డాక్టరు ఏమంటారోనన్న భయం నన్ను అందాజుగా పది అని వేయమంటోంది. పది వేస్తే పాపకు అక్కర్లేని మందు ఎక్కువ పడొచ్చు. ‘నిద్రపోయాను. వినలేదు’ అని రాసి సంతకం పెట్టాను. పుస్తకం తెరిచే ఉంచి లేచాను.

నీళ్లు తాగొచ్చి చూసేసరికి, దాని కింద మా ఆయన వంకర రాత: ‘నేను కూడా పడుకున్న.’