జిల్లేడు మిడత

"డబ్బా మూత పెట్టకు బిడ్డా. ఇంకోసారి చూడనియ్యి. గీ షోకుదాన్ని ఏడ పట్టినవ్?"

యాకుత్‌పురా స్టేషన్ పక్కన, జిల్లేడు చెట్టు మీద అన్నాను. నా రేకు డబ్బాలో నాలుగు మిడతలున్నాయి. మూడు గడ్డిరంగువి. నాలుగోది పట్టుచీర కట్టుకున్నట్టుంది, పసుపు ఒంటిమీద నీలం చారలు. మా పెరట్లో దొరికిన ఊసరవెల్లికి ఇలా బయట పట్టిన పురుగులు పెట్టవచ్చా అని అడుగుదామని ఛత్రినాకలో పాలమ్మే సత్తెమ్మ దగ్గరికి వచ్చాను. వాళ్లింట్లో ఒకప్పుడు ఊసరవెల్లిని పెంచారని విన్నాను.

సత్తెమ్మ ఆ రంగుల మిడతను రెండు వేళ్లతో తీసి గోడ అవతలికి విసిరింది. చేయి కొంగుకు తుడుచుకుంది. మళ్లీ తుడుచుకుంది.

"గడ్డి మీదియి పెట్టొచ్చు. అవి గుడ ఇయ్యాల కాదు, రేపు. మా ఆయన చిల్లుల కుండల ఒక దినం ఉంచి, మంచి గడ్డి మేపి, అప్పుడు పెడ్తుండె. కడుపుల ఏమున్నదో మనకెట్ల ఎరుక అంటుండె. జిల్లేడు మీదియి మాత్రం పెట్టకు. బర్రె మూతి పెట్టని ఆకు తిని బతికే పురుగు అది. దాని ఒంట్ల ఏముంటది?"

ఆమె భర్త మొగులయ్యకు ఆ ఊసరవెల్లి రైలు కట్ట మీద కోసిన గడ్డి మోపులో దొరికిందట. ఎనిమిదేళ్ల కింద, ఇంకా రెండో ప్రపంచ యుద్ధం మొదలుకాని రోజులు. ఊసరవెల్లి ఎదురైతే రాయి తీసే మనుషులు చుట్టూ ఉంటే, ఆయన మాత్రం దాన్ని కొట్టం పక్కనున్న సీతాఫలం చెట్టెక్కించాడు. దొరసాని అని పేరు పెట్టాడు. పొద్దున్నే గోనెపట్ట మీద మోపు దులిపి మిడతల్ని ఏరేవాడు. అది ముంతలో నీళ్లు ముట్టదు గనుక ఆకుల మీద నీళ్లు చిలకరించి, అది ఒక్కొక్క చుక్కా నాకేదాకా అక్కడే నిలబడేవాడు.

"పాలు పోసి ఇంటికొస్తడా, గడపల కాలు పెట్టంగనే, దొరసాని తిన్నదా అని అడుగుతుండె. పన్నెండేండ్ల కాపురం బిడ్డా. సత్తీ నువ్వు తిన్నవా అని ఒక్కనాడు అడగలే. పక్కింటి దుకాణం నాగమణమ్మ లేదూ, దినాం నవ్వుతుండె, మీ సవతి బాగున్నదా సత్తెమ్మా అని. ఉన్నది, నీ మొగడు నిన్ను చూసుకునేదానికంటే బాగ చూస్తడు దాన్ని మా ఆయన అన్న. పైకి అన్న. లోపల మండుతుండె."

ఒకసారి జాతరకు ఆకుపచ్చ చీర కట్టుకుందట. మొగులయ్య ఎగాదిగా చూశాడు. ఏదో అంటాడని ఆమె గడప దగ్గరే ఆగింది.

"ఏమన్నడో తెల్సా? అరే, ఎండల మన దొరసాని గిదే రంగుకొస్తది అన్నడు. ఆ చీర మళ్ల కట్టలే నేను. బోళ్లోడికిచ్చి గిన్నె తీస్కున్న."

అన్నిటికన్నా ఆమెను కాల్చింది ఇంకొకటి. దొరసాని ఆయన చేతి నుంచే తినేది. సత్తెమ్మ మిడతను పట్టుకుని నిలబడితే ఒక కన్ను ఆమె మీద, ఇంకో కన్ను ఆయన వచ్చే దారి మీద పెట్టి కదలకుండా కూర్చునేది. ఆ దారిమీది కన్నునే ఆమె ఓర్వలేకపోయింది.

ఒక శనివారం హనుమంతుడికి జిల్లేడాకుల దండ కట్టడానికి ఆమె రైలు కట్ట దగ్గరికి వెళ్లింది. మొగులయ్య పాలు పోయడానికి బేగంబజార్ పోయి ఉన్నాడు. కోసుకొచ్చిన కొమ్మ మీదనే కూర్చుని వచ్చింది ఆ మిడత.

"గింత సక్కటిదాన్ని చూస్తే ఎట్ల తినదో చూస్త అనుకున్న. పట్టుకుని నిలబడ్డ. రెండు కండ్లూ నా దిక్కే తిప్పింది బిడ్డా. నాలుక జాడిచ్చి లాక్కున్నది. నా చేతిలకెల్లి. మస్తు సంబురమైంది. ఆయన రానీ, చెప్త అనుకున్న."

మధ్యాహ్నానికి దొరసాని నల్లబడింది. నోటి నుంచి నురగ. పట్టపగలు కళ్లు మూసుకుంది. మొగులయ్య వచ్చి చూసి, ఏం పెట్టినవ్ అని అడిగాడు.

"నేనేం పెట్టలే, నువ్వు పొద్దుగాల పెట్టినయే అన్న."

ఆ పొద్దున తొందరలో ఆయన మిడతల్ని కుండలో ఉంచకుండానే పెట్టాడు. ఆ మాటతో తప్పు తనదేననుకున్నాడు. కట్ట మీద గడ్డికి రైలు మసి పట్టిందని, ఆ గడ్డి తిన్న పురుగే చంపిందని తేల్చుకున్నాడు. మర్నాటి నుంచి పక్కనున్న కట్ట వదిలేసి, గడ్డికి చాంద్రాయణగుట్ట అవతలికి నడుస్తున్నాడు. ఈ ఎనిమిదేళ్లూ.

"చంపుదామని పెట్టినవా పెద్దమ్మా?" అని అడిగాను.

సత్తెమ్మ నా డబ్బాకు తానే మూత పెట్టింది.

"కాదు. జిల్లేడును బర్రె ముట్టదని నాకు ఎరుకనే. ఆ యాళ్లకు యాదికి రాలే. రానియ్యలేదో ఏమో. అది సచ్చినంక ఆయన సీతాఫలం కింద కూసోని ఏడ్చిండు. నేను పోతే గిట్ల ఏడుస్తడా అని చూసుకుంట నిలబడ్డ. అప్పుడెట్ల చెప్త? ఇప్పటికీ పాల మీద ఈగ వాలితే, దొరసాని ఉంటే వాలునా అంటడు. నోటిదాక వచ్చిన మాట మళ్ల లోపలికి పోతది."

కొట్టంలో బర్రె అరిచింది. ఆమె లేచి దాని మెడ మీద చెయ్యి వేసి, వీధి వైపు చూసింది.

"మోకాళ్లు వాసినయ్ ఆయనకు. రాత్రి ఆముదం రాస్తా, నా చెయ్యి నాకే కాలినట్టుంటది. బిడ్డా, నీకు పుణ్యముంటది, ఒక పని చెయ్యి. జల్ది లెవ్. గీ యాళ్లకు గుట్ట దిక్కు నుంచి మోపు ఎత్తుకొని వస్తుంటడు. ఎదురుపో. ముందుగాల మోపు నీ నెత్తికెత్తుకో, బరువు మీదుండంగ చెప్పకు. దొరసానికి జిల్లేడు మిడతను పెట్టింది సత్తెమ్మనే అని చెప్పు. రైలు కట్ట గడ్డి మంచిదే అని చెప్పు. రేపటి నుంచి ఆడనే కోసుకోమను."