మూడు ప్రదక్షిణలు, ఒక సర్టిఫికెట్

రెండేళ్ళుగా మా ఆఫీసులో నాకొక ముద్దుపేరు ఉందంట. అందరికీ తెలుసు, నాకు మాత్రం నిన్ననే తెలిసింది! చెప్తాను కానీ, ముందు టీ తెప్పించండి. ఇది ఒక గుక్కలో అయ్యే కథ కాదు.

నేను తిరుపతిలో ఒక ప్రైవేటు కాలేజీలో సిస్టమ్ అడ్మిన్‌ని. సర్వరు మొరాయించినా, ప్రింటరు అలిగినా నాకే ఫోన్. మూడు నెలలు కూర్చుని చదివి, ఈ పనికి మొదటి మెట్టు లాంటి సర్టిఫికెట్ ఒకటి తెచ్చుకున్నాను. దానికి ఫ్రేము కట్టించి, కుంకుమ బొట్టు పెట్టి, దేవుడి గూట్లోనే ఉంచాను. చుట్టాలెవరొచ్చినా హారతి కళ్ళకద్దుకున్నాక నా కథ వినాల్సిందే. "ఇంటర్వ్యూకి పోతే అక్కడ సర్వర్ ఆగిపోయింది. అందరూ అల్లాడిపోతున్నారు. నేను లేచాను. ఐదే నిమిషాలు! అదీ సర్టిఫికెట్ మహిమ!" పెళ్ళిళ్ళలోనూ ఇదే చెప్పేవాణ్ణి, ఒక్కో పెళ్ళికి ఆ ఐదు నిమిషాల్లో ఒక నిమిషం తగ్గుతూ వచ్చింది.

కథ పలమనేరులో మా మామదాకా పోయింది. ఆయన కూతురు భార్గవి పాలకేంద్రంలో కంప్యూటర్ ఆపరేటర్. ఆ పని మానేసి, నేను రాసిన పరీక్షే రాస్తానని పట్టుబట్టింది. ఉన్న ఉద్యోగం వదిలేసి ఉత్త కాగితంతో మిగిలిపోతుందేమోనని మామకు గుబులు. పోయిన శనివారం ఫోన్ చేశాడు.

"అల్లుడా, నీకు ఉద్యోగం వచ్చింది ఆ కాయితంతోనేనా?"

"నూటికి నూరుపాళ్ళు మామా!"

"అట్లయితే రేపు కాణిపాకం రా. స్వామి ముందర ఆ మాటే సెప్పు. సోమవారమే పాప సేత రాజీనామా ఇప్పిస్తా."

కాణిపాకంలో అబద్ధపు ప్రమాణం చేసి బాగుపడినవాడు లేడని మా జిల్లాలో పసిపిల్లలకు కూడా తెలుసు. నేనా, ప్రతి సంకటహర చవితికీ ఉపవాసం ఉండేవాణ్ణి!

క్యూలో ముందు మామ, వెనక భార్గవి, మధ్యలో చెమటతో నేను.

"ఏం బావా, ఏసీ లేకుంటే బతకలేవా ఇప్పుడు?" అంది భార్గవి.

దర్శనం హడావిడిలో ఎలాగో తప్పించుకున్నాను. బయటికొచ్చాక ధ్వజస్తంభం దగ్గర మామ నిలబెట్టేశాడు. "ఊ, సెప్పు."

"మామా... ఆ సర్వర్‌ను ఆపింది నేనే!"

పులిహోర తింటున్న ఒక పెద్దావిడ ఇటు తిరిగింది. ఇంకో నలుగురు ఆగారు. నలుగురు వింటుంటే నా గొంతు దానంతటదే లేస్తుంది. అది నా బలహీనత. మొత్తం చెప్పేశాను.

ఇంటర్వ్యూ రోజు వేరే గది ఖాళీ లేక నన్ను సర్వర్ గదిలో కూర్చోమన్నారు. గోడకు వెంకన్న పటం. ఇంటర్వ్యూకి ముందు దేవుడు కనిపిస్తే ఊరుకుంటానా? చెప్పులు విడిచి, ఉన్నచోటనే మూడు ఆత్మప్రదక్షిణలు చేశాను. భక్తిలో కాలికేం చుట్టుకుంటుందో చూడలేదు. వచ్చి కుర్చీలో కూర్చోగానే గది నిశ్శబ్దమైపోయింది. ఆహా, ఎంత ప్రశాంతత! స్వామి కరుణ అనుకున్నాను. అది సర్వర్ ఫ్యాన్లు ఆగిన నిశ్శబ్దమని తర్వాత తెలిసింది.

కాలేజీ పెద్ద సార్ పరిగెత్తుకొచ్చాడు. "హాల్ టికెట్లు ఆగిపోయినాయి! పిల్లోళ్ళు కిటికీ దగ్గర అరస్తాండారు! సర్టిఫికెట్ ఉన్నోళ్ళు గదా, సూడండప్పా!" నాతోపాటు ఇంటర్వ్యూకి వచ్చిన ఇద్దరూ లోపలికొచ్చారు. ఒకడు కంపెనీకి ఫోన్ చేద్దామన్నాడు, ఇంకొకడు సాఫ్ట్‌వేర్ అంతా మళ్ళీ ఎక్కిద్దామన్నాడు. నేను ల్యాప్‌టాప్‌లో తెలిసిన కమాండ్లన్నీ కొట్టాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. లేవబోతే కాలు రాలేదు. కిందికి చూస్తే చీలమండకు మూడు చుట్లు నల్లటి వైరు! గోవిందా! టేబుల్ కిందికి దూరి, విప్పి, గోడమీది ప్లగ్గులో గుచ్చాను. ఫ్యాన్లు గుయ్యిమన్నాయి. "ఏమయిందప్పా?" అన్నాడు సార్. "లూజ్ కనెక్షన్ సార్" అన్నాను.

చెప్పడం ముగించేసరికి పెద్దావిడ పులిహోర మరిచిపోయి నవ్వుతోంది. మామ మాత్రం నవ్వలేదు.

"అయితే ఆ కాయితం దండగ."

భార్గవి మొహం చిన్నబోయింది. అది చూసి నాకు ప్రాణం ఉసూరుమంది. "లేదు మామా! ఆ కాయితం లేకుంటే వాళ్ళు నన్ను గేటు లోపలికి కూడా పిలవరు. లోపలికి పోయినాక నిలబెట్టేది మాత్రం కాయితం కాదు. ముందు కరెంటు ఉండాదో లేదో చూడమని ఆ పరీక్ష పుస్తకం మొదటి పేజీలోనే ఉండాది. మరీ చిన్న విషయమని నేనే వదిలేసినా."

"నేను ఆ పేజీ రెండుసార్లు చదివినా నాయనా" అంది భార్గవి మెల్లగా.

మామ ధ్వజస్తంభం వైపు చూశాడు, నా వైపు చూశాడు. "ఉద్యోగం మానొద్దు. సాయంత్రాలు సదువుకో. పరీచ్చ రాయి. వీడికే వచ్చింది, నీకు రాదా?"

అక్కడ చెప్పేశాక ఆఫీసులో దాస్తే స్వామి ఒప్పుకుంటాడా? నిన్న పెద్ద సార్ దగ్గరికి పోయి చేతులు కట్టుకున్నాను. ఉద్యోగం పోయినా సరే అనుకుని అంతా చెప్పాను. ఆయన కంప్యూటర్ నా వైపు తిప్పాడు. సీసీ కెమెరా వీడియో! కళ్ళు మూసుకుని, చేతులు జోడించి, గుండ్రంగా తిరుగుతున్నాను నేను.

"ఆ సాయంత్రమే సూసినాం. తప్పు నీదే, సరిచేసిందీ నువ్వే. ఈ మాట నీ నోటితో ఎప్పుడు సెప్తావా అని రెండేళ్ళుగా సూస్తాండా, ప్రదక్షిణ సార్!"

అదండీ నా ముద్దుపేరు.

"పారేయలేదప్పా దీన్ని," అన్నాడు ఆయన ముచ్చటగా. "ఇప్పుడు మన ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న ఇదే. వీడియో వేసి, సర్వర్ ఎందుకు ఆగిందో సెప్పమంటాం. ఒక్కరూ సెప్పలేదు. అందరూ సర్వర్‌నే సూస్తారు, కాళ్ళు సూడరు. త్వరలో ఇంకో పోస్టు వేస్తాండాం. ఆ సర్టిఫికెట్ ఉన్నోళ్ళు ఎవరన్నా తెలిస్తే పంపు."

తల ఊపి బయటికొచ్చాను. మెట్ల మీద భార్గవి గుర్తొచ్చి టక్కున ఆగిపోయాను. ఆ మొదటి ప్రశ్నకు జవాబు భార్గవికి తెలుసు, మామకు తెలుసు, పులిహోర తిన్న పెద్దావిడకు కూడా తెలుసు. ప్రశ్నపత్రాన్ని దేవుడి ఎదుట, ధ్వజస్తంభం సాక్షిగా, అంత గొంతేసుకుని లీక్ చేసినవాణ్ణి ఈ భూమ్మీద నేనొక్కణ్ణే!