నాలుగో టైరు

మా చిన్నాన్న లారీల ఫ్యాక్టరీలో టైర్లు బిగించి రిటైరైన మనిషి. ఎవరి బండి ఎక్కాలన్నా ముందు వంగి, నాలుగు టైర్లనూ అరచేత్తో తడిమేవాడు. పెళ్ళికారునైనా వదిలేవాడు కాదు. ఎందుకని అడిగితే, “కన్ను మోసపోతాది, సెయ్యి మోసపోదు” అనేవాడు. నాకది చాదస్తంగా ఉండేది.

సెకండ్ హ్యాండ్ కారు కొన్న కొత్తలో, ఒక ఆదివారం వానలో ఆయన్ని బిర్సానగర్ నుంచి పర్సుడీహ్ చర్చికి బయలుదేరదీశాను. మూడు టైర్లు తడిమాడో లేదో, నేను హారన్ కొట్టాను.

“చలో చిన్నాన్నా, టైమైపోతంది! ముందు ఏదైనా అడ్డొస్తే ఈ గాడీ తనే బ్రేకేసుకుంటాది.”

నాలుగోది చూడకుండానే ఎక్కాడు.

దారిలో మా ముందున్న ఫ్యాక్టరీ షిఫ్టు బస్సు ఆగింది. ఆయనకు చూపించాలని నేను బ్రేకు మీద కాలే పెట్టలేదు. కారు కీచుమని హెచ్చరించి తనే బ్రేకేసింది. అయినా ఆగలేదు. నీళ్ళ మీద జారుతూనే ఉంది.

“తొక్కరా!” అని చిన్నాన్న కేకేశాడు. తొక్కాను. కారు అడ్డం తిరిగి, బస్సుకు జానెడు దూరంలో ఆగింది.

ఆయన వానలో దిగి, తిన్నగా నాలుగో టైరు దగ్గరకెళ్ళి అరచెయ్యి పెట్టాడు. గాడులన్నీ అరిగిపోయి నున్నగా ఉంది. నేను తిట్లకు సిద్ధపడ్డాను.

“తప్పు నాదిరా. నువ్వు హారన్ కొట్టేవని దీన్నొగ్గీసి ఎక్కీసినాను.”

ఆ చేత్తోనే నా చెంప పగలగొట్టి ఉంటే బాగుండేది.