మెరుపు లేని గోడ

మా నాన్న హిందీ మాట్లాడే ఊళ్ళో, ఉక్కు ప్లాంటులో కొలిమి దగ్గర పనిచేసేవాడు. మేమున్న కంపెనీ క్వార్టరు గోడలకు ఎప్పుడూ సున్నమే. ఆనుకుంటే వీపంతా తెలుపు, తడిగుడ్డ పెడితే పెచ్చులు. అందుకే తొంభైల మధ్యలో స్మృతి నగర్‌లో సొంత ఇల్లు కట్టుకుంటున్నప్పుడు అమ్మ ఒక్కటే కోరుకుంది. ముందు గదికి తళతళలాడే రంగు. ఎవరింట్లోనో చూసి వచ్చింది, అప్పట్నుంచీ అదే మాట.

సుపేలా బజారులోని రంగుల కొట్టుకి నన్నూ తీసుకెళ్ళింది. నాకప్పుడు పన్నెండేళ్ళు. అమ్మ హిందీ తడబడిన చోట నేను అందుకోవాలి. కొట్టతను రెండు చెక్కముక్కలు ముందు పెట్టాడు. రెండూ మీగడ రంగే. ఒకటి మెరుస్తోంది, రెండోది మెరుపు లేకుండా మెత్తగా ఉంది. అమ్మ మెరిసేదాన్ని ఎండ వైపు తిప్పి, అందులో తన గాజుల నీడ చూసుకుని నవ్వింది.

"ఇదే. ఇంకేటీ సూపించొద్దని సెప్పు."

"నీకేది నచ్చితే అదే ఎయ్యించు," అన్నాడు నాన్న, ఇంటికొచ్చి చెబితే.

పెయింటరు ముందుగా ఒక గోడ పూర్తి చేశాడు. ఆ సాయంత్రం ముగ్గురం చూడ్డానికి వెళ్ళాం. గోడ మీద ట్యూబ్‌లైటు పొడుగ్గా మెరుస్తోంది. అమ్మ దాని ముందు నుంచి కదల్లేదు. మడతకుర్చీలో కూర్చున్న నాన్న కాసేపటికి కళ్ళు చికిలించి, కుర్చీని గుమ్మం వైపు తిప్పుకున్నాడు.

"ఏటండీ, గోడకి ఈపు పెట్టి కూసున్నారు?"

"గాలికి."

"గాలెక్కడుంది?"

నాన్న అరచేతులతో కళ్ళు ఒత్తుకున్నాడు. డ్యూటీ నుంచి రాగానే లైటు ఆర్పి, తడి తువ్వాలు కళ్ళ మీద వేసుకుని పడుకోవడం ఆయనకు అలవాటు. అలసట అనుకునేవాళ్ళం. రోజంతా కరిగిన ఇనుము వెలుగులో నిలబడి వచ్చే మనిషి కళ్ళ గురించి మేమెప్పుడూ ఆలోచించలేదు.

"సెప్పొచ్చు గదా," అంది అమ్మ మెల్లగా.

"నీ సరదా కదాని."

"ఇల్లు కూసోడానికి గాని, మొకం సూసుకోడానికా ఏటి!"

మర్నాడు మెరుపు వద్దని పెయింటరుతో తనే చెప్పింది, "భయ్యా, చమక్ నహీ చాహియే." అతను తల పట్టుకున్నాడు. తర్వాత ఉప్పుకాగితంతో గోడంతా రుద్ది, మెరుపు లేని రంగు వేశాడు. పొడి రాలుతున్నంతసేపూ అమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని అక్కడే నిలబడింది.

ఆ తర్వాత ఎవరింటికి వెళ్ళినా, మెరిసే గోడ కనబడితే ఆమె వేళ్ళు ఊరికే దాన్ని తాకేవి. నేను చూస్తే చెయ్యి తీసేసేది.

రిటైరైన రెండేళ్ళకే నాన్న పోయాడు. ఏడాది గడిచాక అడిగాను, ఇప్పుడైనా నీకు నచ్చిన రంగు వేయిద్దామా అని. అమ్మ గోడ వైపు చూసింది. చాప మీద కూర్చుని రేడియో వింటూ ఆయన తల ఆనించిన చోట కొబ్బరినూనె మరక ఉంది. ఆ రంగు మీద పడిన మరక ఇక పోదు.

"మెరిసేదైతే ఎప్పుడో తుడిసేసుందును," అంది.

అమ్మ ఉన్నన్నాళ్ళూ ఆ గదికి మళ్ళీ రంగు వెయ్యలేదు. ఇప్పుడా ఇల్లు వేరేవాళ్ళది. అటువైపు వెళ్ళినప్పుడల్లా తలుపు తట్టి, ముందు గది ఒక్కసారి చూడనిస్తారా అని అడగాలనిపిస్తుంది. గేటు దాకా వెళ్ళి వచ్చేస్తుంటాను.