తలుపేసుకుని రాసిన డిగ్రీ

నరసన్నపేట దాటాక హైవే పక్కనున్న రైసుమిల్లులో జ్ఞానసుందరిది కాటా దగ్గర పని. పదకొండేళ్ళుగా లారీల తూకం రాస్తోంది. ఆఫీసు మేనేజరు మానేశాక ఆ ఉద్యోగం తనకిమ్మని అడగడానికి ఓనరు జగన్నాధం గదిలోకి వెళ్ళింది. డిగ్రీ ఉన్నవాళ్ళే కావాలన్నాడాయన. ఆమెకు డిగ్రీ ఉంది. మూడేళ్ళు ఫోనులో పాఠాలు విని నలభయ్యో ఏట సంపాదించింది.

జగన్నాధం ఆ కాయితాన్ని వెలుతురుకి పట్టి చూశాడు.

"ఆన్‌లైనా? నిన్న ఒకడొచ్చేడు. కాలేజీలో సదివేడు."

"కాలేజీకి ఎల్లేడా బాబూ?"

ఆయన నవ్వాపుకున్నాడు. "పరీచ్చలకి ఎల్లేడట. అయినా నలుగురి మజ్జిన కూకుని రాసేడు. నువ్వు తలుపేసుకుని రాసేవు. ఎవలు సూసేరు?"

"రాసినంతసేపూ ఫోన్ల కెమెరా సూసింది."

"కెమెరా వచ్చి నాకు సాచ్చీకం సెప్తాదేటి?"

 ఆమె అంతవరకు ఎవరి దగ్గరా ఎత్తని సంగతి చెప్పింది.

ఇంట్లో కరెంటు నిలవదని చివరి పరీక్ష చర్చి వెనక పాస్టరుగారి గదిలో రాసింది. బయటి చప్పుడు వినబడితే పరీక్ష రద్దు. ఆ పొద్దున వాళ్ళ పేటలోనే పరంజ్యోతి తాత పోయాడు. చర్చి సంఘంలో ఎవరు పోయినా వెంటనే గంట కొట్టాలి. గంట తాడు పట్టుకున్నవాళ్ళని పరీక్ష అయ్యేదాకా ఆపింది తాత కూతురు ప్రిస్కిల్లాయే. రెండు గంటలపాటు ఆ పేటలో ఎవరూ గొంతెత్తి ఏడవలేదు. జ్ఞానసుందరి తలుపు తీసుకుని బయటికొచ్చాకే గంట మోగింది. తాత పోయాడని ఆమెకు అప్పుడే తెలిసింది.

"నన్నెవలూ సూడలేదు బాబూ. నాకోసం ఆగేరు."

జగన్నాధం కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.  "మనిషి మీద నాకు అనుమానం లేదు. కాయితం మీదే."

"అయితే మనిషినే సూడండి."

సివిల్ సప్లైస్ నుంచి వచ్చిన నోటీసొకటి పది రోజులుగా జవాబు లేకుండా పడి ఉంది. దాన్ని ఆమె ముందుకు తోశాడు. ఆమె అక్కడే కూర్చుని రాయడం మొదలుపెట్టింది. కొంతసేపు చూశాడు. ఇంతలో బయట లారీ వస్తే లేచి వెళ్ళిపోయాడు. ఆమె తలెత్తలేదు.

తిరిగొచ్చేసరికి జవాబు సిద్ధంగా ఉంది. రెండుసార్లు చదివాడు. ఒక్క మాట మార్చకుండా సంతకం చేశాడు.

"రేపట్నుంచి ఈ గదిలో కూకో. పని మేనేజరుదే. పేరు మాత్రం అసిస్టెంటనే రాస్తాను."

"ఎన్నాళ్ళు?"

"ఈ కాయితం కొంచెం పాతబడనీ."

డిగ్రీ తిరిగివ్వబోయాడు. జ్ఞానసుందరి చెయ్యి చాపలేదు.

"నా పెట్టిలో ఉంటే పాతబడదు బాబూ. మీ కళ్ళ ముందే ఉండనీండి."