వదులైన చుట్టు

ఇంటర్ చదివే మా మనవరాలు ఈ సాయంత్రం ఎర్ర దారాన్ని పూసలకు చుడుతూ కూర్చుంది. రేపు కాలేజీలో చూపించాల్సిన డీఎన్‌ఏ నమూనా అది. కంటికి కనబడని కణం లోపలి కేంద్రకంలో రెండు మీటర్ల డీఎన్‌ఏ ఇట్లాగే పూసల్లాంటి ప్రొటీన్లకు చుట్టుకొని ఉంటుందట. టేపుతో దారం కొలిచి ఇచ్చింది నేనే. పాశమైలారం మందుల ఫ్యాక్టరీల వైపు నుంచి వాసన వస్తుంటే కిటికీ మూసి వచ్చాను.

చూస్తే, పిల్ల చుట్టు చుట్టుకూ దారాన్ని కింది పెదవికి ఆనిస్తోంది. బట్టలు కుట్టేటప్పుడు మా అమ్మ అట్లాగే ఆనించేది. ఈ పిల్ల పుట్టకముందే అమ్మ పోయింది.

"గట్ల పెదవికి పెట్టుడు ఎవరు నేర్పిన్రే? మీ ముత్తవ్వ గిట్లనే చేస్తుండె."

"నేనెప్పుడు పెట్టిన నానమ్మా?" అంటూనే మళ్లీ ఆనించింది. నేను చివరి పూస వైపు చూస్తుంటే చెప్పింది: "డీఎన్‌ఏ గట్టిగ చుట్టుకున్న కాడ రాసి ఉన్నది కణం చదవది. జెర వదులైతే మళ్ల చదువుతది. పరేషాన్ గాకు."

చివరి పూస మీద చుట్టు వదులుగా ఉంది. మార్కులు పోతాయి. ఇంకో రోజైతే మొత్తం విప్పించి మళ్లీ చుట్టించేదాన్ని. ఇవాళ విప్పమనడానికి నోరు రాలేదు.

మీ ఇళ్లలో పోయినవాళ్లు ఇట్లా పిల్లల చేతుల్లోకి వచ్చారా? కళ్లారా చూసినవాళ్లే రాయండి.