ఉడుముతో బేరం

విక్టోరియా సరస్సు ఒడ్డున అవీటి పాత వల పరిచి సన్నచేపలు ఆరబోస్తుంది. ఎండ మళ్లేకొద్దీ వంగి, అరచేత్తో వాటిని తిరగేస్తుంటుంది. నడుముకు చుట్టిన గుడ్డ ముడిలో మాత్రం ఎప్పుడూ ఒక పెద్ద చేప ఉంటుంది. అది అమ్మకానికీ కాదు, కూరకీ కాదు, ఉడుముకి. వలలో చిక్కి రెక్క విరిగిన ఏ కొంగనో రెల్లులోంచి ఉడుము ఈడ్చుకుపోతుంటే ఆమె చూస్తూ ఊరుకోలేదు. అలాగని తింటున్నవాళ్ల ముందునుంచి ముద్ద తీస్తే బదులు పెట్టకుండా ఉండటం అవీటి వాళ్ల ఇళ్లలో మర్యాద కాదు. అందుకే చేపను దాని మూతి ముందు వేస్తుంది. అది నోరు తెరవగానే పక్షిని లాక్కుని, గాయానికి బూడిద అద్ది, బుట్ట కింద మూస్తుంది.

"దాని కూడు దాన్ని తిననియ్యవా వదినా?" అంటుంది పక్కనే చేపలు ఎండబెట్టే అడోయో.

"ఊరికే లాక్కున్నానా? చేప ఇచ్చా కదే!"

నిన్న మధ్యాహ్నం ఉడుము తనంతట తనే అవీటి వల దాకా వచ్చింది. నోట్లో నీటికోడి ఉంది. దాన్ని మింగకుండా, మెడ ఎత్తి ఆమె నడుం ముడినే చూస్తూ కూర్చుంది.

"సరుకు గుమ్మంలోకే తెచ్చిందే!" అడోయో పడీపడీ నవ్వింది.

అవీటి నవ్వలేదు. పొద్దున ఆ నీటికోడి పిల్లల్ని వెంటేసుకుని ఈదుతుంటే చూసింది. అప్పుడు రెక్కలు రెండూ బాగానే ఉన్నాయి. ఇప్పుడు ఒకటి వేలాడుతోంది. అయినా చేప ఇచ్చి పక్షిని తీసుకుంది.

ఈ రోజు ఆమె కావాలనే నడుం ముడిలో చేప పెట్టుకోలేదు. ఉడుము మాత్రం వేళకే వచ్చింది, నోట్లో ఇంకో పక్షితో.